సతారా హిల్ హాఫ్ మారథాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

సతారా రిజిస్ట్రేషన్ తెరిచారన్న కబురు రాగానే మా హైదరాబాద్ పరుగు బృందంలో సందడి మొదలవుతుంది. దాంతోపాటే పోయిన ఏడు అడిగిన ప్రశ్నలే మళ్లీ వస్తాయి. నేను నాలుగుసార్లు వెళ్లి పరిగెత్తాను. తోటివాళ్లు ఎక్కడ ఇబ్బంది పడ్డారో దగ్గర నుంచి చూశాను. ఆ జవాబులన్నీ ఒకచోట రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## పేరు ఇచ్చే ముందు

సతారా ఎక్కడుంది? పరిగెత్తడానికి అంత దూరం పోవాలా?

పుణెకు దక్షిణంగా సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది. చుట్టూ కొండలు, ఊరి నెత్తిన అజింక్యతారా కోట. ఛత్రపతి శాహూ మహరాజ్ రాజధాని చేసుకున్న ఊరు. ఈ జిల్లా మట్టిలోనే ఆటలున్నాయి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో కుస్తీలో కాంస్యం గెలిచి, స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత పతకం తెచ్చిన ఖాశాబా జాధవ్‌ది ఈ జిల్లానే. 2016 రియోలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్ (అడ్డంకులు, నీటిగుంట దాటుతూ పరిగెత్తే పోటీ) ఫైనల్ దాకా వెళ్లిన లలితా బాబర్‌దీ ఈ జిల్లానే. ఈ రేసు 2012లో మొదలైంది. 2015లో ఒకే కొండ మీద ఎక్కువమంది పరిగెత్తినందుకు గిన్నిస్ రికార్డు వచ్చింది, ఆ రోజు 2,600 మందికి పైగా పరిగెత్తారు. పోవాలా అంటే, నా మటుకు ఒక్కసారైనా పోవాలి. ఊరు ఊరంతా తనదనుకునే రేసులు మనకు ఎక్కువ లేవు.

ఇది ఫుల్ మారథానా, హాఫా?

హాఫ్, అంటే 21.1 కిలోమీటర్లు. సగం దూరం పైకి, సగం దూరం అదే రోడ్డు మీద కిందికి. 42 కిలోమీటర్లు చేసిన అలవాటుతో "హాఫే కదా" అని తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఘాట్ మధ్యలో ఆగిపోవడం చూశాను.

రూటు ఎలా ఉంటుంది?

పోవై నాకా పరిసరాల్లో, ఊరి నడిబొడ్డున మొదలవుతుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు బజారు వీధులు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు. సమర్థ మందిర్ వైపు దాటాక యవతేశ్వర్ ఘాట్ మొదలవుతుంది. అక్కడి నుంచి రోడ్డు మెలికలు తిరుగుతూ ఎక్కుతూనే ఉంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, కింద ఊరు చిన్నదవుతూ కనిపిస్తుంది. యవతేశ్వర్ దాటాక ఎక్కుడు నెమ్మదిస్తుంది, కానీ పూర్తిగా పోదు. పూలకు పేరున్న కాస్ పీఠభూమికి వెళ్లే ఆ దారిలోనే ఒకచోట వెనక్కి తిప్పుతారు. సతారా ఊరు సముద్ర మట్టానికి 700 మీటర్లకు కాస్త పైన ఉంటుంది, కాస్ సుమారు 1,200 మీటర్లు. మనం కాస్ దాకా వెళ్లం కానీ ఆ ఎత్తులో చాలా వంతు కాళ్లతోనే ఎక్కుతాం.

నేనింతవరకు నెక్లెస్ రోడ్ మీదే పరిగెత్తాను. చేయగలనా?

ఒక హాఫ్ ఇబ్బంది లేకుండా పూర్తిచేసి ఉంటే, చేతిలో మూడు నెలలు ఉంటే చేయగలరు. ఇంకా 10 కిలోమీటర్ల దగ్గరే ఉంటే ఈ ఏడు వద్దనే చెబుతాను. మొదటి హాఫ్‌కి ఇది సరైన చోటు కాదు. దూరం కొత్త, కొండ కొత్త అయితే దేని వల్ల అలసిపోయారో కూడా తెలియదు.

మామూలు హాఫ్ కంటే ఎంత టైము ఎక్కువ పడుతుంది?

మా బృందంలో చూసినంతలో 10 నుంచి 20 నిమిషాలు. నాకు హైదరాబాద్‌లో 2 గంటల 10 నిమిషాలు పట్టేది, సతారాలో 2 గంటల 25. కొండలకు అలవాటుపడ్డ ఒకరిద్దరు మాత్రం తమ మామూలు టైముకు దగ్గరగానే వచ్చారు. ఇక్కడ పర్సనల్ బెస్ట్, అంటే ఇంతవరకు మీకున్న మంచి టైమును దాటాలన్న లక్ష్యం, పెట్టుకుని వెళ్లొద్దు. ఆ ఆశతోనే చాలామంది మొదటి అయిదు కిలోమీటర్లలోనే అయిపోతారు.

హైదరాబాద్ మారథాన్, సతారా రెండూ చేయొచ్చా?

హైదరాబాద్ మారథాన్ మామూలుగా ఆగస్టు చివరి ఆదివారం. సతారా కొంచెం అటూ ఇటూగా ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా ఏదో ఒక ఆదివారం పడుతుంది. మధ్యలో ఒక్కోసారి వారమో రెండు వారాలో ఉంటుంది. హైదరాబాద్‌లో 10కే చేసి సతారా వెళ్లండి, బాగుంటుంది. హాఫ్ చేస్తే నింపాదిగా, లాంగ్ రన్ (శిక్షణలో చేసే దూరపు పరుగు) లాగా చేయండి. ఫుల్ చేసి వారం రెండు వారాల్లో ఈ ఘాట్ దిగడం మాత్రం మోకాళ్ల మీద పగబట్టడమే.

రిజిస్ట్రేషన్ దొరుకుతుందా?

తొందరగా నిండిపోతుంది. తెరిచిన రోజే చేయండి. ఇంకొకరి బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు కాగితం) కొనుక్కుని వాళ్ల పేరుతో పరిగెత్తొద్దు. ఘాట్‌లో మీకేమైనా అయితే డాక్టర్ల దగ్గర ఉండేది వేరేవాళ్ల వివరాలు, బ్లడ్ గ్రూపు, ఇంటి ఫోన్ నంబరు.

## శిక్షణ

హైదరాబాద్‌లో కొండ ఎక్కడ ప్రాక్టీసు చేయాలి?

మన ఊరు బండరాళ్ల మీద కట్టిన ఊరు, ఎక్కుడుకు కొదవలేదు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ లోపలి వీధులు ఉదయం అయిదింటికి ఖాళీగా ఉంటాయి. కేబీఆర్ పార్కు చుట్టూ తిరిగే దారిలో కూడా ఎక్కుడూ దిగుడూ రెండూ దొరుకుతాయి. ఇబ్బందల్లా ఇవన్నీ పొట్టి ఎక్కుళ్లు కావడం. మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. సతారాలో అరగంటకు పైగా ఆగకుండా ఎక్కాలి. అందుకే నెలకు ఒక్కసారైనా వికారాబాద్ పక్కన అనంతగిరికి వెళ్లండి. నలుగురు కలిసి కారులో వెళ్తే ఖర్చు పెద్దగా కాదు.

మాది వైజాగ్, తిరుపతి వైపు. మాకు?

వైజాగ్ వాళ్లు అదృష్టవంతులు. కైలాసగిరి రోడ్డు, సింహాచలం ఘాట్ రెండూ చేతికి అందేంత దగ్గర. వాహనాలు మొదలవక ముందే దిగేయండి. తిరుపతిలో అలిపిరి మెట్లు గుండెకూ కాళ్లకూ మంచి కసరత్తే కానీ అది నడక భక్తుల దారి, అక్కడ ఎక్కాలి తప్ప పరుగుపందెం పెట్టకూడదు. బెంగళూరులో ఉన్న మనవాళ్లకు నంది హిల్స్ ఉంది. పొడవాటి ఎక్కుడు, పొడవాటి దిగుడు, సతారాకు అంతకంటే దగ్గరి పోలిక ఉన్న చోటు నాకు దొరకలేదు.

వారానికి ఏమేం చేయాలి?

నాలుగు రోజులు పరుగు చాలు. ఒక రోజు పొట్టి ఎక్కుళ్లు: ఒకటిన్నర నిమిషం గట్టిగా ఎక్కి, నడుస్తూ దిగి, ఆరుసార్లతో మొదలుపెట్టి పది దాకా. ఒక రోజు ఎగుడుదిగుడు దారిలో లాంగ్ రన్. మిగతా రెండు రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తేంత నెమ్మదిగా. వారానికి రెండుసార్లు ఇంట్లోనే గుంజీలు, ఒంటికాలి మీద మెట్టు దిగడం, పిక్కలెత్తడం. చిన్నప్పుడు బడిలో శిక్షగా తీయించిన గుంజీలు ఇక్కడ నిజంగా పనికొస్తాయి. రేసుకు ముందు రెండు వారాలు తగ్గించేయండి.

దిగడానికి కూడా ప్రాక్టీసు కావాలా? దిగుడు సులువే కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది, అందరూ తప్పుగా అనుకునేదీ ఇదే. ఎక్కేటప్పుడు శ్వాస ఆడక మనమే నెమ్మదిస్తాం, ఒళ్లే బ్రేకు వేస్తుంది. దిగేటప్పుడు శ్వాస హాయిగా ఉంటుంది, అందుకే వేగం పెరిగిపోతుంది. కానీ ప్రతి అడుగులో తొడ ముందు కండరం సాగుతూనే బరువును ఆపాల్సి వస్తుంది. అలా సాగుతూ పనిచేసినప్పుడే కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి. ఆ దెబ్బ ఆ నిమిషంలో తెలియదు. కొన్ని కిలోమీటర్ల తర్వాత కాళ్లు మాట వినడం మానేస్తాయి.

దీనికి మందు ఒక్కటే, ముందే కొంచెం కొంచెంగా అలవాటు చేయడం. ఒక్కసారి పొడవాటి దిగుడు దిగి నొప్పులు పడ్డ కండరం, తర్వాతి కొన్ని వారాల్లో అదే పనికి చాలా తక్కువ నొప్పి పడుతుంది. అందుకే రేసుకు నెల రోజుల ముందు ఒకటి, మూడు వారాల ముందు ఇంకొకటి, నాలుగైదు కిలోమీటర్ల దిగుడు పరుగులు తప్పకుండా పెట్టుకోండి. ఆఖరి రెండు వారాల్లో మాత్రం వద్దు.

ట్రెడ్‌మిల్ మీద వాలు పెట్టి చేస్తే సరిపోతుందా?

ఎక్కుడుకు సరిపోతుంది. మామూలు జిమ్ మెషీన్ మీద దిగుడు రాదు, కాబట్టి సగం శిక్షణే అయినట్టు.

ట్రెయిల్ షూ (మట్టి, రాళ్ల దారుల షూ) కొనాలా?

అక్కర్లేదు, మొత్తం తారు రోడ్డే. కానీ తడిసి ఉంటుంది. అడుగు అరిగిపోయిన పాత షూ వద్దు, నిన్న కొన్న కొత్త షూ కూడా వద్దు. దిగేటప్పుడు కాలివేళ్లు ముందుకు తోసుకుంటాయి. గోళ్లు రెండు రోజుల ముందు కత్తిరించుకోండి, లేసు చీలమండ దగ్గర గట్టిగా కట్టుకోండి.

## ప్రయాణం, ముందురోజు

ఎలా వెళ్లాలి?

హైదరాబాద్ నుంచి ఎక్కువమంది రాత్రి బస్సులోనో రైల్లోనో పుణె చేరి, అక్కడి నుంచి బస్సో ట్యాక్సీయో పట్టుకుంటారు. సికింద్రాబాద్ నుంచి పుణెకు శతాబ్ది ఉంది. సతారాకు రైల్వే స్టేషన్ ఉంది కానీ ఊరికి కొంచెం దూరం, ఆటో మాట్లాడుకోవాలి. రాయలసీమ వాళ్లకు తిరుపతి నుంచి కొల్హాపూర్ వెళ్లే హరిప్రియ ఎక్స్‌ప్రెస్ మంచి దారి. కొల్హాపూర్‌లో మహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని, హైవే మీద బస్సెక్కితే సతారా.

శనివారం సాయంత్రానికి చేరితే చాలదా?

చాలదు. బిబ్ సాధారణంగా ముందురోజే తీసుకోవాలి, ఆ వేళలు మీకొచ్చిన మెయిల్‌లో చూసుకోండి. వాన కాలం కాబట్టి హైవే మీద ఎక్కడైనా ఆలస్యం కావచ్చు. నేనైతే శుక్రవారం రాత్రి బయల్దేరి శనివారం పొద్దునకు చేరతాను. మధ్యాహ్నం రెండు గంటలు కాళ్లు చాపుకుని పడుకుంటాను. ఆ నిద్ర ఆదివారం కనిపిస్తుంది.

గది ఎప్పుడు బుక్ చేయాలి?

రిజిస్ట్రేషన్ అయిన రోజే. చిన్న ఊరు, వేలమంది వస్తారు, పైగా అది కాస్ పూల కాలం. ఒకసారి మేం బుక్ చేసుకున్న లాడ్జి రాత్రికి రాత్రి మా గదులు వేరేవాళ్లకు ఇచ్చేసింది. పదకొండింటి దాకా సంచులతో వీధుల్లో తిరిగాం. చివరికి ఒక స్థానిక కుటుంబం వాళ్ల మేడ మీద చోటిచ్చి, పొద్దున నాలుగున్నరకు టీ పెట్టి లేపింది. అప్పటినుంచి రెండు వారాల ముందు, రెండు రోజుల ముందు గదికి ఫోన్ చేసి ఖాయం చేసుకుంటున్నాను.

ముందురోజు రాత్రి ఏం తినాలి?

మిసళ్ (మొలకెత్తిన గింజల కారపు కూర) ఊరిస్తుంది, ఆదివారం మధ్యాహ్నం తినండి. శనివారం రాత్రికి వరణ్ భాత్ అడగండి. అది మన పప్పన్నమే, కారం ఉండదు, నెయ్యి వేసి ఇస్తారు. పెరుగు విడిగా తెప్పించుకోండి. ఎనిమిది లోపే తినేయండి. ఉదయానికి రెండు అరటిపండ్లు, కొంచెం బ్రెడ్డో ఖర్జూరమో గదిలో పెట్టుకోండి. తెల్లవారుజామున హోటళ్లు తెరిచి ఉంటాయని నమ్ముకోవద్దు.

## రేసు ఉదయం

చలి ఉంటుందా? రెయిన్‌కోటు వేసుకోవాలా?

నిలబడి ఉన్నంతసేపు చలి, పది నిమిషాలు పరిగెత్తాక ఉండదు. చిరుజల్లు, పైకి వెళ్లేకొద్దీ పొగమంచు మామూలే. రెయిన్‌కోటు లోపల చెమట ఉడికిపోతుంది, వద్దు. ఒక పెద్ద చెత్త సంచికి తల, చేతులు పట్టే రంధ్రాలు చేసి వేసుకోండి, మొదలయ్యే ముందు తీసి చెత్తబుట్టలో వేయండి. కళ్లకు టోపీ అంచు చాలు. ఒరుసుకునే చోటల్లా వాజిలిన్ రాయండి, తడి బట్టలు మామూలు రోజు కంటే ఎక్కువ కోస్తాయి.

బాత్రూమ్ సంగతి?

గదిలోనే ముగించుకుని రండి. రేసు మొదలయ్యే చోట పెద్ద వరుస ఉంటుంది. ఆడవాళ్లు తమకు కావలసినవి నడుము పౌచ్‌లో, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకోండి. దారిలో దుకాణాల మీద ఆధారపడొద్దు, పైన దుకాణాలు తక్కువ.

మొదట్లో ఎంత వేగంగా వెళ్లాలి?

మీ మామూలు హాఫ్ వేగం కంటే కిలోమీటరుకు 20, 30 సెకన్లు నెమ్మదిగా. డప్పులు మోగుతుంటే, లేజిమ్ అనే మరాఠీ జానపద నృత్యం ఆడుతున్న పిల్లలు అరుస్తుంటే ఆగడం కష్టమే. అయినా ఆగండి. ఊళ్లో సంపాదించిన రెండు నిమిషాలకు ఘాట్‌లో అయిదు నిమిషాలు కట్టాల్సి వస్తుంది.

## ఎక్కేటప్పుడు

నడిస్తే తప్పా?

తప్పు కాదు, చాలామందికి అదే సరైన పద్ధతి. ఎక్కుడు బాగా నిలువుగా ఉన్నచోట వంగిపోయి ఈడ్చుకుంటూ పరిగెత్తడం కంటే నడుము నిటారుగా పెట్టి చురుగ్గా నడవడం వల్ల శక్తి మిగులుతుంది, వేగం తేడా కూడా తక్కువే. కాకపోతే అలసిపోయాక కాదు, అంతకుముందే నడవండి. నా పద్ధతి: నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఘాట్ మొదటి మలుపు నుంచే. మొదట్లో పరిగెత్తుతూ నన్ను దాటిపోయినవాళ్లలో చాలామంది యవతేశ్వర్ దగ్గర మళ్లీ కలిశారు. నడిచేటప్పుడు రోడ్డు అంచుకు జరగండి.

వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే టైము) చూస్తే టెన్షన్ వస్తోంది. ఏం చూడాలి?

పేస్ స్క్రీన్ తీసేయండి. ఒక చిన్న వాక్యం పైకి చెప్పి చూడండి. మూడు నాలుగు మాటలు ఆగకుండా అనగలిగితే సరిగ్గా ఉన్నట్టు. ఒక్క మాటకే శ్వాస తెగితే తగ్గించండి.

గుండె దడగా ఉంటే?

ఎక్కుడు వల్ల వచ్చే దడ రెండు నిమిషాలు నడిస్తే తగ్గుతుంది. ఛాతీలో బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, కళ్లు తిరగడం, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా ఆగి పక్కవాళ్లకు చెప్పండి, వాలంటీరును పిలవండి. మెడల్ కోసం పది అడుగులు కూడా వేయొద్దు. నలభై దాటినవాళ్లు, ఇంట్లో బీపీ, షుగర్, గుండెజబ్బుల చరిత్ర ఉన్నవాళ్లు శిక్షణ మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించుకోండి.

చల్లగా ఉంటే నీళ్లు తాగాలా?

దాహం తెలియకపోయినా చెమట పోతూనే ఉంటుంది. ప్రతి నీళ్ల బల్ల దగ్గరా రెండు గుక్కలు చాలు, కడుపు నిండా వద్దు. గంటకు పైగా పరుగు కాబట్టి ఒకటి రెండుసార్లు ఓఆర్ఎస్సో ఎనర్జీ జెల్లో తీసుకోండి. అది దిగుడు మొదలుపెట్టక ముందే, నడుస్తూ తీసుకోవడం మేలు. పరుగుకు ముందు నొప్పి మాత్ర మాత్రం వేసుకోవద్దు, చెమటోడ్చే ఒంట్లో అది కిడ్నీల మీద పడుతుంది.

ఖాళీ బాటిల్ ఏం చేయాలి?

డబ్బాలోనే వేయండి. డబ్బా కనబడకపోతే చేతిలో పట్టుకుని వెళ్లండి. తడి రోడ్డు మీద పడి ఉన్న బాటిల్‌పై కాలేస్తే దిగేవాళ్లకు చీలమండ పోతుంది. లోయలోకి విసిరితే అది పడమటి కనుమల అడవిలో ఉండిపోతుంది.

## దిగేటప్పుడు

తిరిగాక ఎలా పరిగెత్తాలి?

మొదటి కిలోమీటరు కావాలనే నెమ్మదిగా. అడుగులు చిన్నవి, త్వరత్వరగా. పాదం ఒంటికి చాలా ముందు పడితే ప్రతి అడుగూ బ్రేకే, అందుకని తుంటి కిందే పడేట్టు చూసుకోండి. వెనక్కి వాలొద్దు, చేతులు కాస్త వెడల్పుగా, చూపు పది పన్నెండు అడుగుల ముందు. ఎదురుగా ఇంకా ఎక్కుతున్నవాళ్లుంటారు, రోడ్డులో మీ సగం దాటొద్దు. మలుపు లోపలి అంచులో వాలు ఎక్కువ, మధ్యగా తిరగండి.

నా మొదటి సతారాలో ఇవేవీ తెలియవు. పైన తిరిగేసరికి శ్వాస కుదుటపడింది, రెక్కలొచ్చినట్టనిపించి అయిదు కిలోమీటర్లు పూర్తి వేగంతో దిగాను. వందలమందిని దాటాను. ఘాట్ అయిపోయి ఊరి రోడ్డు తగలగానే తొడలు రాళ్లయిపోయాయి. ఆఖరి మూడు కిలోమీటర్లకు 27 నిమిషాలు పట్టింది. నన్ను ఎవరైనా పైనే ఆపి "నెమ్మదిగా" అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఈ పేజీ రాయడానికి అదొక కారణం.

ఘాట్ అయిపోయాక ఇక సులువేనా?

కాదు, అసలు పరీక్ష అక్కడే. పొద్దున పట్టించుకోని చిన్న ఎత్తులు తిరుగుదారిలో పెద్దవవుతాయి. ఆ రెండు మూడు కిలోమీటర్ల కోసం దిగుడులో కొంచెం దాచుకోండి.

దారిలో జనం ఏమంటున్నారు?

"పళా పళా" అంటే పరిగెత్తండి అని. వినాయక చవితి దగ్గర్లో ఉంటే "గణపతి బప్పా" అంటారు, "మోరయా" అని మీరు అందుకోవాలి. అమ్మమ్మలు గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొడతారు, పిల్లలు అరచేతులు చాపి నిలబడతారు. ఆ చేతుల్ని తాకి వెళ్లండి, పిల్లలు ఎంతసేపటి నుంచో ఎదురుచూస్తుంటారు.

## తర్వాత

అదే రోజు కాస్ పూలు చూడొచ్చా?

చూడొచ్చు, ఊరి నుంచి 25 కిలోమీటర్ల దూరమే. 2012లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన పడమటి కనుమల్లో ఇదీ భాగం. 850కి పైగా పూలమొక్కల జాతులున్నాయని చెబుతారు. పూలు ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి దాకా. సీజన్‌లో ప్రవేశానికి ముందుగా ఆన్‌లైన్ బుకింగ్ కావాలి, ఆదివారాలు త్వరగా నిండుతాయి. పరుగు కోసం మూసిన దారి తెరిచాకే వాహనం వెళ్తుంది కాబట్టి మధ్యాహ్నం వేళ తీసుకోండి. పూల మీద కూర్చుని మెడల్‌తో ఫొటో దిగడం దయచేసి వద్దు.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

కందీ పేడా. పాలు బాగా ఎర్రగా కాచి చేస్తారు, మన దూద్‌పేడా కంటే ముదురు రుచి.

మెట్లు దిగలేకపోతున్నాను. ఇది మామూలేనా?

మామూలే. నొప్పి రెండోరోజు, మూడోరోజు ఎక్కువై, అయిదారు రోజుల్లో పోతుంది. సోమవారం సెలవు పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో గంటకోసారి లేచి నడవండి, పై బెర్తు మాత్రం తీసుకోవద్దు. వారం దాకా పరుగు వద్దు, నడక చాలు. నొప్పి కండరంలో కాకుండా మోకాలి కీలులోనో ఎముక మీద ఒకే చోటో ఉంటే, ఒక కాలు వాచినా, మూత్రం ముదురు గోధుమ రంగులో వచ్చినా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.